అర గొలుసు వెడల్పు బాట

ముప్పై ఏళ్లు సర్వేయరుగా గట్ల వెంట తిరిగినవాడికి రిటైరయ్యాక కూడా ఈ నడక పిచ్చి ఏమిటని ఇంట్లో అందరూ అడిగారు. ఉద్యోగపు నడక వేరు. గొలుసు ఎటు వాలినా పక్కనున్న ఇద్దరిలో ఒకరి ముఖం మాడుతుంది. మంచినీళ్లు ఎవరింట్లో తాగాలన్నా ఆలోచించాలి, తాగితే ఆ పక్షం మనిషినైపోతాను. ఎవరికీ హద్దు చెప్పే పని లేకుండా, ఊరికే, పొలాల మధ్య నుంచి రెండు మూడు రోజులు నడవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. హనుమకొండలో ఉండగా తీరలేదు. ఫ్రాన్సులో తీరింది.

మా బిడ్డ తులూజ్ నగరంలో ఇంజినీరు. మే నెలలో రమ్మని టికెట్టు పంపింది. ప్యారిస్ చూపిస్తానంటే, ఆ గోపురాన్ని టీవీలో చాలాసార్లు చూశాను, పల్లెలు చూపించమన్నాను. అప్పుడు చెప్పింది ఈ బాట సంగతి. లె ప్యుయి అనే ఊరి నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో దాకా క్రైస్తవ యాత్రికులు నడిచే దారి అది. లె ప్యుయి బిషప్పు గోదెస్కాల్క్ 950లోనే పరివారంతో ఆ యాత్రకు బయలుదేరాడట. ఇప్పుడు ఆ బాటకు ఫ్రాన్సులో జీఆర్ 65 అని నంబరు కూడా ఉంది. సాంటియాగో దాకా నడవాలంటే రెండు నెలలు పడుతుంది. మేము ఒక ముక్క తీసుకున్నాం: సేం-కోమ్ నుంచి కోంక్ దాకా, యాభై కిలోమీటర్ల పైచిలుకు, మూడు రోజులు.

బయలుదేరే ముందు రోదెజ్ పట్టణంలో ఒక రాత్రి ఆగాం. అక్కడి పెద్ద చర్చి ఎర్ర ఇసుకరాయితో కట్టింది. దాని గంటల గోపురం 87 మీటర్ల ఎత్తు. మా బిడ్డ దాని చెక్కడాన్ని ఫోటోలు తీసుకుంటూ ఉంటే నేను కింద నిలబడి చేతులు జోడించాను. దేవుడికి కాదు, మీటరుకు. భూమధ్యరేఖ నుంచి ఉత్తర ధ్రువానికి ఉన్న దూరంలో కోటో వంతును మీటరు అనాలని ఫ్రెంచివాళ్లు 1791లో నిర్ణయించుకుని, ఆ దూరం లెక్క కట్టడానికి 1792లో ఇద్దరిని పంపారు. దలాంబ్ర్ డంకర్క్ నుంచి దక్షిణానికి, మెషేన్ బార్సిలోనా నుంచి ఉత్తరానికి నేలను త్రిభుజాలుగా కొలుచుకుంటూ రావాలి. ఇద్దరి కొలతలు కలిసే చోటు ఈ రోదెజ్ గోపురమే. విప్లవం, యుద్ధం, అనుమానంతో పట్టుకున్న ఊరివాళ్లు, ఇన్నిటి మధ్య ఆ పని ముగియడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. ఇంతా చేస్తే మీటరు 0.2 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది! ఆ మాట చదివినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినా నేను సర్వీసంతా బతికింది 33 అడుగుల గొలుసుతోనే. అందులో పదహారు భాగాలు, వాటిని ఆణాలు అంటాం. ఆ గొలుసు నలుపక్కలా పట్టుకుంటే ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరా. హెక్టారు అంటే ఇవాళ్టికీ రైతు ముఖం ఖాళీగా పెడతాడు.

సేం-కోమ్ పూర్తి పేరు సేం-కోమ్-దోల్త్. ఓల్త్ అనేది పక్కన పారే లోత్ నదికి అక్కడి పాత ఆక్సితాన్ భాషలో పేరు. ఊరు గుండ్రంగా ఉంటుంది. ఒకప్పుడు కందకం ఉన్న చోట ఇళ్లు గోడలా చుట్టుకుని నిలబడ్డాయి, లోపలికి పోవడానికి ద్వారాలు. పాత దొరల కోటలో ఇప్పుడు పంచాయతీ ఆఫీసు నడుస్తోంది. చర్చి శిఖరం మాత్రం చూడగానే నా వృత్తి కన్ను కుట్టింది. తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటుంది. కావాలనే అలా కట్టారని మా బిడ్డ చెబుతున్నా నమ్మబుద్ధి కాలేదు. నిలువు గుండు పట్టి చూడాలనిపించింది.

అక్కడి నుంచి బాట. నన్ను ముందుగా కట్టిపడేసింది కోటలూ చర్చిలూ కాదు, చెట్ల మీద, రాళ్ల మీద, కరెంటు స్తంభాల మీద వేసిన రంగు గుర్తులు. పైన తెల్లగీత, కింద ఎర్రగీత ఉంటే దారి సరే. రెండూ అడ్డదిడ్డంగా దాటుకుని ఉంటే దారి తప్పావని అర్థం. మలుపు ముందు మలుపు గుర్తు. స్వచ్ఛందంగా పనిచేసే నడక సంఘాలవాళ్లు రంగు డబ్బాలు మోసుకుని వెళ్లి వీటిని వేస్తుంటారట. మూడు రోజుల్లో మేము ఒక్కసారే తప్పాం. అదీ నేను గుర్తును నమ్మకుండా వాలు చూసి దారి చెప్పినందువల్ల.

ఎస్పాలియోఁ చేరేసరికి పది గంటలు. ఊరికి ముందే పెర్స్ అని ఎర్రరాతి చిన్న గుడి... చర్చి అనాలి కానీ పొలాల మధ్య ఒంటరిగా, కొంచెం కుంగి నిలబడ్డ ఆ రంగు చూస్తే నోటికి గుడి అనే వచ్చింది. ఊళ్లో నది మీద పదమూడో శతాబ్దపు వంతెన, అదీ అదే రాయి. నీళ్లలో పాతకాలపు గజ ఈతగాడి విగ్రహం ఒకటి ఉంది. నెత్తిన ఇత్తడి టోపీ. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఈ కొండ ఊరివాళ్లు రుకెరోల్, దెనెరూజ్ 1864లో నీటి అడుగున ఊపిరి తీసుకునే సాధనం చేశారట. దానికి మ్యూజియం కూడా పెట్టారు. 

మధ్యాహ్నానికి కొత్త బూట్లు నా మడమల మీద రెండు బొబ్బలు లేపాయి. మా బిడ్డ వెయ్యిసార్లు చెప్పింది, పాతవి వేసుకోమని. సంచిలోంచి చెప్పులు తీసి వేసుకున్నాను. మిగతా దారంతా చెప్పులతోనే. ఖరీదైన బూట్లు, రెండేసి చేతికర్రలు పట్టుకున్నవాళ్లు నా కాళ్ల వంక చూసి నవ్వుతూ ఏదో అనేవారు. ప్రాచీన యాత్రికుడు అంటున్నారని మా బిడ్డ అనువదించింది. అందులో కొంత తన కల్పన ఉండవచ్చు.

ఆ యాత్రికులందరి సంచులకూ యాత్ర గుర్తుగా ఒక ఆల్చిప్ప వేలాడుతూ ఉంటుంది. అది చూస్తే నాకు మేడారం గుర్తొచ్చింది. ఏడేళ్లప్పుడు మా తాత ఎడ్లబండి మీద జాతరకు వెళ్లాం. బండ్ల వెనుక బండ్లు, రాత్రి పూట ఇరుసుల చప్పుడు, అడవిలో పొయ్యిలు. నా ఎత్తు బంగారం, అంటే నా బరువుకు తూగే బెల్లం, గోనెసంచిలో నా పక్కనే కూర్చుని ప్రయాణం చేసింది. దారిలో నేను దానిని గోకి తింటూ ఉంటే మా నానమ్మ, తల్లులకు తక్కువ పడుతుందిరా అని చేతిమీద కొట్టింది. ఆ బండ్లు నడిచిన బాట ఏ చెట్టు దగ్గర మలుపు తిరిగేదో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో ఇద్దరో ముగ్గురో. జాతరకు లక్షల మంది ఇంకా వెళ్తారు, నడిచేవాళ్లూ ఉన్నారు. కానీ బస్సులు, కార్ల పక్కన, తారు రోడ్డు అంచున.

ఎస్తేన్ ఊరు నది ఒంపులో ఉంది. కొండ మీద కోట, కింద నల్ల పలకరాతి కప్పుల ఇళ్లు. మాజీ అధ్యక్షుడు జిస్కార్ దెస్తేన్ పేరులోని ఊరు ఇదే. ఆయన కుటుంబం ఆ పేరును తమ ఇంటిపేరుకు తగిలించుకున్నది 1922లో. కోటను మాత్రం 2005లో కొన్నారు. ముందు పేరు, తర్వాత ఆస్తి. మన దగ్గర సాధారణంగా తిరగేసి జరుగుతుంది. కోట పాత దొరల గురించి ఒక కథ ఉంది. 1214లో బువీన్ యుద్ధంలో ఆ వంశంవాడొకడు రాజు ఫిలిప్ ప్రాణం కాపాడాడట, అందుకే వాళ్ల చిహ్నంలో రాజుగారి పువ్వు. ఆ ఏడాది వినగానే నేను లెక్క వేశాను. అంతకు ముందు సంవత్సరం, 1213లో, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి శాసనం వేయించాడు. ఈ మాట చెబితే మా బిడ్డ, ప్రతిదానికీ రామప్పేనా నాన్నా అంది. ప్రతిదానికీ రామప్పే.

రెండో రోజు ఎక్కడమే. రాత్రికి గోలిన్యాక్‌లో యాత్రికుల బసలో దిగాం. ఒకే గదిలో ఎనిమిది మంచాలు, గుమ్మం బయట బూట్ల వరుస, ఒకే బల్ల దగ్గర భోజనం. అలిగో అని వడ్డించారు. ఉడికించిన ఆలుగడ్డలో పచ్చి జున్ను వేసి తెడ్డుతో గట్కలా తిప్పుతారు. గరిటె ఎత్తితే మనిషి ఎత్తు తీగ సాగుతుంది. బాగుంది. నా డబ్బాలోని మామిడి తొక్కు కొంచెం తగిలించుకుంటే ఇంకా బాగుంది. బల్ల మీద నాలుగు సకినాలు పెడితే ఒక జర్మన్ ఆవిడ వాటిని తినకుండా చాలాసేపు తిప్పి తిప్పి చూసింది, చుట్లు చేత్తో తిప్పుతారా అని రెండుసార్లు అడిగింది.

భోజనాల తర్వాత బస యజమానిని, ఆయన ఒకప్పటి రైతు, నేను నా ప్రశ్న అడిగాను. ఈ బాట ఎవరిది? మా బిడ్డ విసుక్కుంటూనే అనువదించింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇలాంటి పల్లె బాటలు చాలావరకు ఊరి పంచాయతీ ఆస్తి. పంచాయతీ అమ్ముకోవచ్చు కూడా, కానీ జనం వాడకం మానేసిన బాటనే, అదీ బహిరంగ విచారణ జరిపాకే. నడుస్తున్నంత కాలం అది అమ్ముడుపోదు. అందుకే మీరు వచ్చి నడవడం మాకు మంచిది అన్నాడు. అయితే మీ దగ్గర బాటలు పోలేదా అన్నాను. పోకేం అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్ల కోసం దేశమంతా చిన్న కమతాలను కలిపి పెద్దవి చేశారు. ఆ పనిలో కంచెలు, గట్లు, బాటలు లెక్కలేనన్ని దున్నేశారు. ఈ బాట బతికిందంటే కాస్త యాత్రికుల వల్ల, కాస్త వాలు నేల మీద ట్రాక్టరు ఎక్కనందువల్ల. 1998లో యునెస్కో ఈ యాత్రా మార్గాలను గుర్తించినప్పుడు చర్చిలు, వంతెనలు, ఆసుపత్రులతో పాటు ఏడు బాట ముక్కలను కూడా జాబితాలో చేర్చిందని ఆయన చెప్పాడు. మొదటి రోజు మేము నడిచిన సేం-కోమ్ నుంచి ఎస్తేన్ దాకా ఉన్న ముక్క అందులో ఒకటి.

బాట కూడా స్మారకమే! మట్టి, గులకరాళ్లు, పక్కన ముళ్లకంచె. ఆ రాత్రి పై మంచం మీద పడుకుని ఎవరిదో గురక వింటూ నేను చాలాసేపు మేలుకుని ఉన్నాను. మా పాత నక్షల్లో బండ్లబాటలు జంట చుక్కల గీతలుగా ఉంటాయి. సర్వీసులో చేరిన ఆరో ఏడు ఒక ఊళ్లో, పేరు వద్దు, ఒక రైతు దరఖాస్తు మీద కొలతకు వెళ్లాను. నక్షలో బాట ఉంది, అర గొలుసు వెడల్పు, చెరువు కట్ట నుంచి పక్క ఊరి గుడి దాకా. నేల మీద మిరప తోట ఉంది. రెండు పక్కలా ఒకే ఆసామి. దరఖాస్తు పెట్టినవాడు నలుగురు కూలీల పక్షాన పెట్టాడు. నేను కొలిచి, క్షేత్రంలో బాట కానరాదు అని రిపోర్టు రాశాను. అబద్ధం కాదు. కానరాలేదు. ఎక్కడ ఉండాలో రాళ్లు పాతి చూపించమని నన్ను ఎవరూ గట్టిగా అడగలేదు, నేనూ చూపించలేదు. సాయంత్రం బస్సు దొరకదేమోనన్న తొందర కూడా ఉంది. ఆ ఒక్క వాక్యంతో అర గొలుసు బాట ఎగిరిపోయింది.

మూడో రోజు పొడవైనది. దారి పొడవునా కూడళ్లలో రాతి శిలువలు. యాత్రికులు వాటి పాదాల దగ్గర గులకరాళ్లు పేర్చి పోతారు. మన బొడ్రాయి ఊరి నడుమ ఉంటే వీళ్లది ఊరి బయట. ఊళ్లు అందంగా ఉన్నాయి, కాదనను. కిటికీల కింద పూలు, కడిగిన వీధులు. కానీ ఒక ఊళ్లో మేము మంచినీళ్ల కుళాయి దగ్గర అరగంట కూర్చుంటే మనిషి జాడ లేదు. మూసిన కిటికీ తలుపులు, బడిగా ఉండి మానేసిన భవనం, నిద్రపోతున్న పిల్లి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవారి రాతి ఫలకం మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంది. ఫ్రాన్సు ఆ యుద్ధంలో దాదాపు 14 లక్షల మందిని పోగొట్టుకుంది. ఆ చిన్న ఊరి ఫలకం మీద ఒకే ఇంటిపేరు మూడుసార్లు చదివాను. అన్నదమ్ములే కావచ్చు. ఇంత చక్కగా ఊరిని కాపాడుకోవడంలో, పాడు చేయడానికి పిల్లలు లేకపోవడం కూడా ఒక కారణమేమో అన్నాను. మా బిడ్డ ఒప్పుకోలేదు. ఆ చర్చ కొండ దిగేదాకా సాగింది.

కోంక్ ఒక్కసారిగా కనిపిస్తుంది. చెట్ల మధ్య నుంచి నిటారుగా దిగే బాట, దాని అడుగున గుత్తిలా ఇళ్లు, మధ్యలో చర్చి గోపురాలు. సెంట్ ఫోయ్ అనే బాలికా పుణ్యమూర్తి అస్థికలు ఇక్కడున్నాయి. అవి న్యాయంగా ఆజాన్ ఊరివి. తొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి సన్యాసి ఒకడు ఆ ఊరికి పోయి, పదేళ్లు నమ్మకంగా ఉండి, ఒక రాత్రి ఎత్తుకొచ్చాడని వాళ్లే గర్వంగా చెప్పుకుంటారు. ఆవిడ బంగారు విగ్రహం చూశాను. రాణిలా కూర్చుని, కళ్లు పెద్దవి చేసి ఎవరినీ చూడదు. విప్లవ కాలంలో ప్రభుత్వం ఈ బంగారాన్ని కరిగించబోతే ఊరివాళ్లు ఇళ్లలో, తోటల్లో దాచి, తర్వాత తిరిగి ఇచ్చేశారట. దొంగిలించినవాళ్ల ఊరే ఇంత నిజాయితీ చూపించింది. అయితే అదే జనం తర్వాతి శతాబ్దంలో కూలిన మఠం వరండా రాళ్లను ఇళ్లకు మోసుకుపోయారు. మన ఓరుగల్లు కోట లోపలి ఇళ్ల గోడల్లో చెక్కిన రాళ్లు చూసినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు.

చర్చి ద్వారం పైన అంతిమ తీర్పు చెక్కారు, 124 బొమ్మలు. నీలం, ఎరుపు రంగులు అక్కడక్కడ ఇంకా మిగిలి ఉన్నాయి. నడుమ ఒక త్రాసు. ఒకవైపు దేవదూత, ఒకవైపు దయ్యం. ఆత్మల్ని తూస్తున్నారు. దయ్యం దేవదూత కళ్లలోకి చూస్తూనే వేలితో తన పళ్లాన్ని కిందికి నొక్కుతోంది. పత్తి కాంటా దగ్గర నిలబడ్డ ఏ రైతుకైనా ఆ వేలు తెలుసు. పక్కన కొలిచేవాడి బొమ్మ కూడా ఉందేమోనని వెతికాను. మెడలో డబ్బు సంచితో ఉరి వేలాడుతున్న లోభి ఉన్నాడు, గుర్రం మీద నుంచి తలకిందులుగా పడుతున్న యోధుడు ఉన్నాడు, సర్వేయరు లేడు. వంపు అంచు వెనక నుంచి మాత్రం కొందరు ముక్కులదాకా తలలెత్తి తొంగి చూస్తుంటారు. తీర్పుతో సంబంధం లేనివాళ్లు. నేను వాళ్లలో చేరిపోదామనుకున్నాను.

లోపల కిటికీలకు రంగుల అద్దాలు లేవు. రోదెజ్‌లోనే పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ 104 కిటికీలకు రంగు లేని, పారదర్శకం కాని గాజు పెట్టించాడు. 1994లో పూర్తయింది. సాయంత్రం వెలుతురు గాజు అంతటా నిదానంగా ఆరుతూ ఉంటే చెప్పులు విప్పి కూర్చున్నాను. బొబ్బలు చల్లబడ్డాయి.

తిరిగొచ్చాక నవంబరులో పెట్టెలోంచి ఒక పాత నక్ష నకలు తీశాను. పాలంపేట నుంచి గణపురం కోట గుళ్లకు అటూ ఇటూగా పది కిలోమీటర్లు. రామప్పకు వచ్చేవాళ్లు చాలామంది అక్కడికి వెళ్లనే వెళ్లరు, వెళ్లినా కారులో. ఇరవైకి పైగా చిన్న గుళ్లు, గణపతిదేవుడి కాలానివి, సగం కూలి, పక్కన ఆయన పేరు మీదే చెరువు. రేచర్ల రుద్రుడి చెరువు కట్ట దగ్గర మొదలై గణపతిదేవుడి చెరువు దగ్గర ముగిసే నడక. ఇంతకంటే ఏం కావాలి?

రిటైరైన ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ చేతికి టేపు తీసుకున్నాను. రామప్ప చుట్టూ ఒకసారి తిరిగి, దొరికినంతవరకు బాట మీద, దొరకని చోట కాలువ కట్ట మీద నడిచాను. రెండు చోట్ల కుక్కలు, ఒక చోట గొర్రెల మంద. ఎక్కడా రంగు గీతలు లేవు, అయినా అడిగితే ప్రతివాడూ దారి చెప్పాడు, ఒక్కొక్కడూ వేరే దారి. మూడో గంటలో జంట చుక్కల గీత ఒక పత్తి చేనులోకి దూరింది. నడుము ఎత్తు పత్తి, పగిలి తెల్లగా. ఏరుతున్న ఒకావిడ తల ఎత్తింది.

"ఎవరు సారూ, కొలవడానికి వచ్చారా?" అంది. ముఖం అప్పుడే మాడింది.

కాదమ్మా, ఊరికే నడుస్తున్నాను, కోట గుళ్లకు అన్నాను. నకలు విప్పి ఇక్కడ బాట ఉండేదని చూపించాను. ఆవిడ కాగితం వంక చూడలేదు. "మా అత్త చెప్పేది, ఇక్కడ బండ్లు పోయేవని" అంది. ఒడిలోని పత్తి మూటలో పోసి, సీసాలో నీళ్లిచ్చింది. తాగాను. ఎవరి పక్షమూ కాకుండా తాగిన నీళ్లు. తర్వాత తనే ముందు నడుస్తూ, మొక్కలు విరగకుండా రెండు సాళ్ల మధ్య చేయి పట్టి తీసుకెళ్లినట్టు నన్ను అవతలి గట్టుకు చేర్చింది. దూరంగా చెరువు కట్ట కనిపించింది.

"మళ్లీ వస్తే సంక్రాంతి దాటాక రండి" అంది. "పత్తి కట్టె పీకేస్తాం. బండి కూడా పోతుంది."